సరుకు రవాణా పికప్ వాహనాలలో కుదుపును తగ్గించే మార్గాలు

జగిత్యాల తోటల నుండి చల్‌గల్ మార్కెట్‌కు మామిడిని, కోరుట్ల పల్లెల నుండి నిజామాబాద్ మార్కెట్‌కు పసుపును, సిరిసిల్ల పరిసరాలలో పొలం నుండి పశువుల కొట్టానికి వరిగడ్డిని చేరవేయడంలో పికప్ వాహనాలకు ముఖ్య పాత్ర ఉంది. పసుపు బస్తాలతో నిండుగా వెళ్ళిన బండి మెత్తగా సాగుతుంది. అదే బండి ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు ప్రతి గుంతలోనూ ఎగురుతుంది. దీని వలన డ్రైవర్ నడుముకు, తేలికపాటి లోడుగా వెళ్ళే పండ్లకు నష్టం కలుగుతుంది. కారణం తెలిస్తే తక్కువ ఖర్చుతోనే ఈ కుదుపును చాలావరకు తగ్గించవచ్చు.

ఖాళీ బండి ఎగరడానికి కారణం

పికప్ వెనుక కమాను కట్టలను పూర్తి బరువు మోయడానికి అనువుగా రూపొందిస్తారు. బరువు లేనప్పుడు అవి అవసరానికి మించి గట్టిగా ఉంటాయి. ఉదాహరణకు, వెనుక కమానులపై 1000 కిలోల అదనపు బరువు పడినప్పుడు బండి 10 సెం.మీ. కుంగిందనుకుందాం. అంటే ప్రతి 100 కిలోలకు 1 సెం.మీ. కుంగుబాటు. ఖాళీగా ఉన్నప్పుడు కమానులపై 300 కిలోలే ఉంటే కుంగుబాటు 3 సెం.మీ., లోడుతో 1300 కిలోలు ఉంటే 13 సెం.మీ. అవుతుంది.

సెంటీమీటర్లలో తీసుకున్న కుంగుబాటు వర్గమూలంతో 5ను భాగిస్తే సహజ పౌనఃపున్యం సుమారుగా హెర్ట్జ్‌లలో వస్తుంది. దీని ప్రకారం ఖాళీ బండికి 2.9, లోడు బండికి 1.4 హెర్ట్జ్ వస్తాయి. సహజ పౌనఃపున్యానికి 1.4 రెట్లు దాటిన కంపనాలను మాత్రమే కమాను వడపోయగలదు. కాబట్టి లోడు బండిలో 2 హెర్ట్జ్ నుండే వడపోత మొదలవుతుంది. ఖాళీ బండిలో అది 4 హెర్ట్జ్ దాటితే గాని మొదలుకాదు. కూర్చున్న మనిషి శరీరం నిలువు కంపనాలకు ఎక్కువగా స్పందించేది 4 నుండి 8 హెర్ట్జ్ మధ్యనే. ఖాళీ బండి కుదుపు నడుముకు తగలడానికి మూలం ఇదే.

మొత్తం శరీరానికి తగిలే కంపనాన్ని ఐఎస్ఓ 2631 ప్రమాణం ప్రకారం కొలుస్తారు. ఐరోపా సమాఖ్య 2002లో ఇచ్చిన ఆదేశం ప్రకారం 8 గంటల పనిదినానికి 0.5 మీ./సె² దాటితే నివారణ చర్యలు చేపట్టాలి. 1.15 మీ./సె² గరిష్ఠ పరిమితి.

పట్టీ తీయించడం పరిష్కారం కాదు

కుదుపు తగ్గుతుందని కమాను కట్ట నుండి ఒక పట్టీని తీయించాలన్న ఆలోచన కలగడం సహజం. ఒకే కొలత గల ఐదు పట్టీలలో ఒకటి తీస్తే కమాను గట్టిదనం ఐదో వంతు తగ్గుతుంది. పౌనఃపున్యం మాత్రం సుమారు 11 శాతమే తగ్గి, 2.9 నుండి 2.6కు వస్తుంది. మరోవైపు, అదే లోడుకు మిగిలిన నాలుగు పట్టీలపై ఒత్తిడి 25 శాతం పెరుగుతుంది. లాభం స్వల్పం, నష్టం పట్టీ విరగడం. ఎక్కువ బరువు మోయించడానికి అదనపు పట్టీ వేయిస్తే ఖాళీ బండి మరింత గట్టిపడుతుంది.

చేపట్టవలసిన పనులు

1. టైర్ల గాలి: టైరు గట్టిదనం గాలి ఒత్తిడితో పాటే పెరుగుతుంది. ఖాళీ బండికి, లోడు బండికి తయారీదారు సూచించిన ఒత్తిడులు వేరువేరుగా ఉంటే వాటిని పాటించాలి. టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. తగ్గించిన గాలితో లోడు ఎత్తరాదు. టైరు వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది.

2. షాక్ అబ్జార్బర్లు: ఆయిల్ కారుతున్నా, గుంత దాటిన తరువాత బండి పలుమార్లు ఊగుతున్నా మార్చాలి. రెండు వైపులా ఒకేసారి మార్చడం మేలు.

3. కమాను కట్టలు: పట్టీల మధ్య తుప్పు పేరుకుంటే చిన్న కుదుపులకు కమాను కదలదు. పట్టీలను విప్పించి శుభ్రపరచి, అరిగిన బుష్షులను మార్చి, యు బోల్టులను బిగించాలి. పట్టీల మధ్య రబ్బరు లేదా నైలాన్ ముక్కలున్న రకాలకు గ్రీజు పూయరాదు.

4. సీటు: మందపాటి స్పాంజి వేస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. స్పాంజి సీట్లు సుమారు 4 హెర్ట్జ్ వద్ద కంపనాన్ని పెంచుతాయి. కుంగిపోయిన సీటును గట్టి ఫోమ్‌తో సరిచేసి, నడుముకు ఆనుడు ఉండేలా చూడాలి.

5. లోడు అమరిక: బరువును వెనుక ఇరుసుకు ముందు వైపు ఉంచాలి. ఇరుసు దాటి వెనుకకు పేర్చిన బరువు బండిని ముందుకు వెనుకకు ఊపుతుంది. తిరుగు ప్రయాణంలో ఎరువులు, విత్తనాలు వంటి సరుకు వేసుకుంటే కుదుపు తగ్గుతుంది, కిరాయి కూడా కలిసివస్తుంది.

మామిడి రవాణాలో జాగ్రత్తలు

పై వరుసలోని పండ్లపై బరువు ఉండదు కనుక అవే ఎక్కువగా ఎగిరి దెబ్బతింటాయి. క్రేట్లలో ఖాళీ లేకుండా నింపాలి, కాని పై క్రేటు అడుగు పండ్లను నొక్కరాదు. క్రేట్లను కదలకుండా కట్టాలి. తోట నుండి రోడ్డెక్కే వరకు మట్టి బాటలో వేగం తగ్గించడం అన్నిటికంటే చవకైన ఉపాయం.

విస్తరణ కార్యకర్తలకు సూచన

వే బ్రిడ్జి వద్ద వెనుక ఇరుసు బరువును, టేపుతో చక్రం నడిమి నుండి మడ్‌గార్డు అంచు వరకు ఎత్తును ఖాళీగా ఒకసారి, లోడుతో మరొకసారి కొలిస్తే పైన చెప్పిన లెక్కను రైతుల ఎదుటే చేసి చూపవచ్చు. సహాయక పట్టీలున్న బండ్లలో లోడు పౌనఃపున్యం కొంత ఎక్కువగా ఉంటుందని గమనించాలి. అత్యధిక కుదుపు వెనుక ఇరుసు మీద, దాని వెనుక భాగంలో ఉంటుంది. కూలీలను తరచుగా కూర్చోబెట్టేది అక్కడే. సరుకు తొట్టి మనుషుల ప్రయాణానికి కాదని, పై మార్పులేవీ దానిని సురక్షితం చేయలేవని ప్రతి శిక్షణలోనూ స్పష్టం చేయాలి.