గోరంత కవర్, కొండంత పాట

కొన్నేళ్ల కిందట ఒక జానపద గాయకుడి పాటకు కవర్ చేసిచ్చాను. తాటిచెట్లు, డప్పు, బోనం, పొద్దుగూకే సూర్యుడు, నడుమ ఆయన నవ్వుమొహం, కింద బంగారు రంగులో టైటిల్. కంప్యూటర్ మీద చూస్తే పండగలా ఉంది. పాట విడుదలైన రోజు ఆయన ఫోన్లో వాళ్లమ్మకు చూపించాడు. ఆమె కళ్లు చికిలించుకుని చూసి, "ఇండ్ల నువ్వేడున్నవ్ బిడ్డా?" అని అడిగింది. ఆ ప్రశ్న విన్నాకే నాకు ఈ పని అర్థం కావడం మొదలైంది.

మనం 3000 పిక్సెళ్ల చతురస్రంలో గీస్తాం. వినేవాళ్లు దాన్ని ఫోన్ లిస్టులో ఇంచుమించు సెంటీమీటరు గడిలో చూస్తారు, అదీ బస్సులో నిలబడి వేలితో పైకి తోసేస్తూ. ఒకప్పుడు గ్రామ్‌ఫోన్ రికార్డుల ఆల్బమ్‌లు చాలావరకు పేరు తప్ప ఏమీ లేని సాదా అట్టల్లో వచ్చేవి. 1940లో అమెరికాలో కొలంబియా రికార్డ్స్ కోసం అలెక్స్ స్టైన్‌వైస్ వాటి మీదికి బొమ్మ తెచ్చాడు. కొట్టుకొచ్చిన మనిషి చెయ్యి ఆ అట్ట వైపు పోవాలన్నది ఆలోచన. ఇప్పటికీ మన పని అదే. కొట్టు మాత్రం జేబులోకి వచ్చేసింది.

కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లకు నేను చెప్పే మొదటి మాట: పాట వినకుండా ఫైల్ తెరవకండి. క్లయింట్ పంపిన ఫొటోలు పక్కన పెట్టి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నాలుగైదుసార్లు వినండి. అందులో ఏది మిగిలిపోతోందో ఒక్క మాటలో రాసుకోండి. 1973లో వచ్చిన పింక్ ఫ్లాయిడ్ బృందం ఆల్బమ్ 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్'కు కవర్ చేసేటప్పుడు, ఈసారి ఫొటో వద్దు, శుభ్రంగా సాదాగా ఉండేది కావాలని కీబోర్డు వాయించే రిచర్డ్ రైట్ అడిగాడు. హిప్నోసిస్ అనే డిజైన్ బృందం నల్లటి నేపథ్యం మీద ఒక పట్టకం, అందులోంచి విరిసే రంగుల కాంతి ఇచ్చింది. ముందు అట్ట మీద పింక్ ఫ్లాయిడ్ పేరు కూడా లేదు. వాళ్ల కచేరీల్లో వెలుగుల ఆటకు పేరుంది, బొమ్మ అక్కడినుంచి వచ్చింది. ఆల్బమ్ గుండెచప్పుడుతో మొదలై గుండెచప్పుడుతోనే ముగుస్తుంది. అట్ట విప్పితే ఆ కాంతిరేఖే లోపల గుండె కొట్టుకునే గీతగా సాగుతుంది. అలాంటి కవర్‌ను ఎంత చిన్నది చేసినా గుర్తుపడతాం.

ఫొటో వాడితే ఎంపికలోనే సగం పని ఉంది. బీటిల్స్ 'అబ్బీ రోడ్' ఫొటోను ఇయాన్ మెక్‌మిలన్ 1969 ఆగస్టు 8న రోడ్డు మధ్య నిచ్చెనెక్కి తీశాడు. పది నిమిషాల్లో ఆరే ఆరు ఫొటోలు. నలుగురి కాళ్లూ ఒకే తీరుగా విచ్చుకున్న ఐదోది ఎంచుకున్నారు. మొహాలు కనబడనంత చిన్నగా చేసినా ఆ నడక కనబడుతుంది. గాయకుడు ఊరంతటికీ తెలిసినవాడైతే మొహం వేయండి. కొత్తవాడైతే పాటలోంచి ఒకే ఒక్క వస్తువు తీసుకోండి. నేనైతే ఆ జానపద పాటకు ఇప్పుడు డప్పు ఒక్కటే ఉంచుతాను.

ఇక అక్షరాల దగ్గర తెలుగువాళ్ల కష్టం వేరు. 'కృష్ణమ్మ' అని రాస్తే వట్రసుడి, ణ ఒత్తు, మ ఒత్తు మూడూ కిందికి దిగుతాయి. దాని కింది వరుసలో 'తీరం' అని పెడితే పై ఒత్తులు వచ్చి గుడిదీర్ఘం మీద కూర్చుంటాయి. ఇంగ్లిష్ టైటిల్‌కు వదిలే ఎడం మనకు చాలదు, ఇంకా వదలాలి. సన్నగీతల ఫాంట్ చిన్న సైజులో మొదట పోగొట్టుకునేది ఒత్తునే. ఒత్తు పోతే మాటే మారిపోతుంది. లావుపాటి 'రామభద్ర' లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. చేత్తో రాయగలిగితే ఇంకా మంచిది. ఫొటోషాప్ పాత వెర్షన్లలోనైతే టైప్ సెట్టింగుల్లో దక్షిణాసియా భాషల ఆప్షన్ పెట్టుకోకపోతే 'మ్మ' కాస్తా 'మ్‌మ' అవుతుంది. అలా విరిగిన అక్షరాలతో వచ్చిన కవర్లు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. పాటలో ఒక్క స్వరం తప్పినా ఒప్పుకోనివాళ్లు ఇది ఎలా ఒప్పుకుంటారు?

ప్రోగ్రాములకు సంప్రదించండి అని ఫోన్ నంబరు కవర్ మీదే వేయమంటారు కొందరు. నంబర్లు, వెబ్‌సైట్లు, ధరలు ఉన్న కవర్లను స్ట్రీమింగ్ సంస్థలు తిప్పి పంపేస్తాయి. అవి పోస్టర్ మీద వేసుకోమని ముందే చెప్పండి.

ఇంటర్నెట్లో దొరికిన బొమ్మ మనది కాదు. 1967లో బీటిల్స్ 'సార్జంట్ పెప్పర్స్' కవర్ మీద ప్రముఖుల బొమ్మలు వేయడానికి, బతికున్నవాళ్లకు ఉత్తరాలు రాసి అనుమతి అడిగారు. నటుడు లియో గోర్సీ 400 డాలర్లు అడిగితే ఆయన బొమ్మ తీసేశారు. ఇండియాలో అభ్యంతరం వస్తుందన్న భయంతో గాంధీజీ బొమ్మ కూడా తొలగించారు. బీటిల్స్ అంతటివాళ్లే అడిగి వేసుకున్నారు.

డబ్బు మాట మొదటి రోజే మాట్లాడండి. సగం అడ్వాన్స్, ఎన్నిసార్లు మార్పులు, లేయర్ల ఫైల్ ఇస్తారా లేదా అన్నవి వాట్సాప్‌లోనైనా సరే రాసి పంపించి, 'సరే' అని జవాబు తెప్పించుకోండి. పాట వివరాల్లో మీ పేరు వేయమని కూడా అప్పుడే అడగండి. పాడినవాళ్లు, రాసినవాళ్లు, డప్పు కొట్టినవాళ్ల పేర్లు వేస్తున్నప్పుడు బొమ్మ గీసినవాళ్ల పేరు కూడా వేయాలి. మొహమాటపడకుండా అడగండి.