ఉద్యోగపు ఇంటర్వ్యూలో కఠిన ప్రశ్నలు : తల్లిదండ్రులు తెలిసికొనదగిన సంగతులు

మన పాఠశాలలో బిడ్డలను చేర్పింపవచ్చు తల్లిదండ్రులు తరచుగా వెలిబుచ్చు సందేహ మొకటి కలదు. "తెలుగులో చదివిన పిల్లవాడు రేపు కొలువునకు పోయి పెద్దల యెదుట నోరు విప్పగలడా?" అన్నదే యా సందేహము. కన్నడము రాజభాషయై, ఆంగ్లము పెద్ద కొలువుల భాషయై యున్న ఈ సీమలో ఇట్టి భయము కలుగుట సహజము. దీనిని తేలికగా త్రోసివేయరాదు. అయినను మా యభిప్రాయ మొకటి ముందుగా మనవి చేసికొనుచున్నాము. ఇంటర్వ్యూలో అభ్యర్థిని తడబడజేయునది చాలవరకు భాష కాదు. తన్ను గూర్చియు, తన ఊరిని గూర్చియు తా నెన్నడును నిదానముగా ఆలోచింపకపోవుటయే ఆ తడబాటునకు మూలము. ఆ లోపమును దీర్చు సాధన బడిలో కొంత, ఇంటిలో అంతకంటె నెక్కువ జరుగవలెను.

ఇంటర్వ్యూ ఎక్కడ గలదు?

అన్ని ఉద్యోగములకు ఇంటర్వ్యూ లేదు. కేంద్ర ప్రభుత్వమువారు 2016 జనవరి 1 నుండి గ్రూపు-సి ఉద్యోగములకును, గెజిటెడు కాని గ్రూపు-బి ఉద్యోగములకును దానిని తొలగించిరి. కావున ఆ పరీక్షలకు కూర్చుండు పిల్లలు వ్రాతపరీక్షమీదనే దృష్టి నిలుపవలెను. సివిలు సర్వీసుల యందు మాత్రము 2025 మార్కులలో 275 మార్కులు ఇంటర్వ్యూకు కేటాయింపబడియున్నవి. తోరణగల్లు ఉక్కు కర్మాగారము వంటి సంస్థలలోను, బ్యాంకు అధికారుల ఎంపికలోను ముఖాముఖి సంభాషణకు గొప్ప స్థానము కలదు.

అక్కడ కూర్చున్న పెద్దలు పుస్తక జ్ఞానమును మరల తూచుటకు కూర్చుండరు. అది వ్రాతపరీక్షలోనే తేలిపోవును. అభ్యర్థి స్పష్టముగా ఆలోచింపగలడా, నిజము చెప్పునా, భిన్నాభిప్రాయమును ఓర్పుతో వినునా యని వారు చూతురు. ఈ సంగతి తెలిసినచో సగము భయము తీరును.

కఠిన ప్రశ్నలు : జవాబుల తీరు

ఒకటి. "మిమ్మును గూర్చి చెప్పుడు." ఇది సులభముగా తోచును గాని మొదట తడబడునది ఇక్కడనే. పేరు, తండ్రి పేరు, ఊరు దరఖాస్తులోనే యున్నవి. వానిని మరల వల్లించుట వలన ప్రయోజనము లేదు. ఏమి చదివితిని, చేతులతో ఏమి చేసితిని, ఈ పని నాకేల కావలెను అను మూడు సంగతులు రెండు నిమిషములలో చెప్పవలెను. సిరుగుప్ప ప్రాంతపు పిల్లవాడు డిప్లొమా చదివి, సెలవులలో వరిపొలముల మోటార్లు బాగుచేయుట నేర్చియుండినచో, ఆ సంగతి సిగ్గుపడి దాచుకొనదగినది కాదు. ఇంజనీర్లు వినగోరున దదియే.

రెండు. "కర్ణాటకలో నుండి తెలుగులో ఏల చదివితిరి? అసలు మీ రే రాష్ట్రమువారు?" మన పిల్లలకు ప్రత్యేకముగా ఎదురగు ప్రశ్న యిది. దీనికి కోపముతో గాని, క్షమాపణ కోరు ధోరణితో గాని బదులీయరాదు. చరిత్ర తెలిసియుండవలెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు ఆలూరు, ఆదోని, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రలో చేరినవి. బళ్లారితో గూడ తక్కిన తాలూకాలు మైసూరు రాష్ట్రమున కలిసినవి. 1955లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ సంఘము బళ్లారి, సిరుగుప్ప, హోసపేట ప్రాంతములను ఆంధ్రకు మార్చవలెనని సూచించినను, 1956లో పార్లమెంటు అట్లు చేయలేదు. ఎల్లలు మారినవి గాని కుటుంబములు కదలలేదు. ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధన కల్పించుటకు ప్రతి రాష్ట్రమును ప్రయత్నింపవలెనని రాజ్యాంగమునందు 1956లో చేర్చిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. ఇక 2013 నుండి అమలులోనున్న 371-జె అధికరణము ఈ ప్రాంతపు ఉద్యోగములలో కేటాయింపును జన్మమునుబట్టి, నివాసమునుబట్టి కల్పించుచున్నది. మాతృభాషనుబట్టి కాదు.

ఇంత తెలిసిన బిడ్డ, "అయ్యా, నేను కర్ణాటకమువాడను. ఇంటిభాష తెలుగు. మొదటి చదువు ఇంటిభాషలో సాగినది. కన్నడమును నేర్చితిని" అని నాలుగు మాటలలో నెమ్మదిగా చెప్పగలడు. అందు చివరి మాట నిజమై యుండవలెను.

మూడు. తెలియని ప్రశ్న. 2024 ఆగస్టులో తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకొనిపోయినది. ఈ జిల్లా అభ్యర్థిని దానిని గూర్చి అడుగుట న్యాయమే. ఆ గేట్ల మొత్తము 33 అనియు, ఆనకట్ట 2021లో ఏర్పడిన విజయనగర జిల్లాలోనిదనియు, దాని నీరు రెండు రాష్ట్రముల పొలములకే కాక తెలంగాణకును పోవుననియు చెప్పగలుగుట మేలు. గొలుసు తెగుటకు గల యంత్రశాస్త్ర కారణము తెలియనిచో "తెలియదండీ, తెలిసికొందును" అనుట తప్పు కాదు. ఊహించి కల్పించి చెప్పుటయే తప్పు. ఒక్క కల్పన బయటపడినచో, అంతవరకు చెప్పిన నిజములు కూడ అనుమానమునకు గురియగును.

నాలుగు. తక్కువ మార్కులు, నడుమ వృథాయైన సంవత్సరము. ఉన్నది ఉన్నట్లు ఒక్క వాక్యములో చెప్పి, తరువాత ఏమి చేసితినన్నది రెండు వాక్యములలో చెప్పవలెను. ఇతరులను నిందింపరాదు. ఇంటి కష్టమును కన్నీటితో వర్ణింపనక్కరలేదు.

ఐదు. "పెండ్లియైన తరువాత ఉద్యోగము మానుదురా?" ఈ ప్రశ్న ఆడపిల్లలకే వచ్చుట విచారకరము. ప్రభుత్వోద్యోగములలో స్త్రీ పురుష భేదముచే వివక్ష చూపరాదని రాజ్యాంగము 16వ అధికరణమున విధించినది. ఆమె శాంతముగా "ఈ పని చేయుటకే వచ్చితిని" అనిన చాలును. అయితే ఆ మాట ఆమె నోట ధైర్యముగా వచ్చుటకు ఇంటివారు ముందే సమ్మతించి యుండవలెను. ఈ ప్రశ్నకు నిజమైన సన్నాహము తల్లిదండ్రులది.

భాషను గూర్చి

శ్రీకాకుళం జిల్లా పారసంబ గ్రామమునకు చెందిన శ్రీ రోణంకి గోపాలకృష్ణ గారు ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయులుగా పనిచేయుచు 2016 సంవత్సరపు సివిలు సర్వీసు పరీక్షను తెలుగులో వ్రాసిరి. ఇంటర్వ్యూలో కూడ అనువాదకుని సాయముతో తెలుగులోనే బదులు చెప్పి, దేశమున మూడవ స్థానము పొందిరి. తెలుగు చదువు ఆలోచనకు సంకెల కాదని దీనివలన తెలియుచున్నది.

కాని దీనినుండి తప్పు పాఠము నేర్చుకొనరాదు. అనువాదకుని సౌకర్యము అన్నిచోట్ల నుండదు. కర్ణాటక ప్రభుత్వోద్యోగము కోరువారికి కన్నడ భాషాపరీక్ష తప్పదు. పాఠశాలలన్నిటను కన్నడమును నేర్పవలెనని 2015లో చట్టము చేయబడినది. మాతృభాష పునాది, కన్నడము వాకిలి, ఆంగ్లము రాజమార్గము. వాకిలి లేని ఇల్లు ఎంత గట్టిగా కట్టినను లోపలివారికి చెరయే యగును.

ఇంటిలో చేయదగిన సాధన

మన బళ్లారి రాఘవ (1880–1946) న్యాయవాది, మహానటుడు. తెలుగు, కన్నడము, ఆంగ్లములందు నటించిన ఆయన సహజ నటనకు ప్రసిద్ధుడు. బట్టీపట్టిన మాటకును, అర్థము గ్రహించి పలికిన మాటకును గల భేదము వినువారికి ఇట్టే తెలియును. రంగస్థలముపై నిజమైనది ఇంటర్వ్యూ గదిలోను నిజమే. కావున జవాబులను వ్రాసి కంఠస్థము చేయింపకుడు. ముఖ్యాంశములు మాత్రము గుర్తుంచుకొని, ప్రతిసారియు క్రొత్త మాటలతో చెప్పింపుడు.

రాత్రి భోజనము తరువాత పావుగంట చాలును. ఆనాటి వార్త నొకదానిని తీసికొని "నీ అభిప్రాయ మేమి? ఏల?" అని అడుగుడు. బిడ్డ చెప్పినది మీకు నచ్చకపోయినను నడుమ అడ్డుపడక తుదివరకు వినుడు. ఒకనాడు తెలుగులో, మరునాడు కన్నడములో, ఇంకొకనాడు వచ్చినంత ఆంగ్లములో చెప్పనిండు. మీకు చదువు రాకున్నను దిగులు వలదు. అడుగుటకును, వినుటకును చదువు అక్కరలేదు.

పెద్దల యెదుట మారాడుట తప్పని పిల్లల నోరు మూయించుట మన ఇండ్లలో వాడుక. ఇంటిలో ఇరువదియేండ్లు మౌనముగా పెరిగిన బిడ్డ, ఒక్క ఉదయమున ఐదుగురు అపరిచితుల యెదుట అనర్గళముగా మాటలాడవలెనని కోరుట న్యాయము కాదు. వినయముతో గూడిన మాటను ఇంటిలోనే అలవరచినచో, మన బిడ్డలు ఏ భాషలో అడిగినను తలయెత్తి బదులు చెప్పగలరని మా నమ్మకము.