ఉప్పుగాలిలో బుల్లి రైలుకు ఏ బల్ల?

ప్రశ్న: మా ఇల్లు విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర. హెచ్‌ఓ స్కేలు రైలు లేఅవుట్‌కు బల్ల, పట్టాల కింద పరుపు దేనితో చేయించాలి?

జవాబు: సముద్రపు గాలి తగిలే ఇంట్లో లేఅవుట్‌కు అసలు శత్రువు తేమ. తేమ పీల్చిన చెక్క నారకు అడ్డంగా ఉబ్బుతుంది, పొడిగాలికి ముడుచుకుంటుంది. పొడవునా దాదాపు కదలదు. ప్లైవుడ్‌లో పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికి ఉంటాయి కాబట్టి ఆ కదలిక బాగా తగ్గుతుంది. హెచ్‌ఓలో పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లే. అతుకు దగ్గర అర మిల్లీమీటరు ఎత్తు తేడా వచ్చినా చక్రం పట్టా దిగిపోవచ్చు.

అందుకే పైబల్లకు ఐఎస్ 710 ముద్ర ఉన్న 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ మేలు. చట్రానికి బాగా ఆరిన టేకు చాలు. ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు చౌకే గానీ, కోసిన అంచుల్లో తేమ చేరితే పొంగిపోతాయి. ఇక్కడ వాటి జోలికి పోకూడదు. ప్లైవుడ్‌కైనా పైభాగానికే రంగు వేస్తే బల్ల వంగుతుంది. అడుగు, అంచులు, స్క్రూ రంధ్రాలు కూడా వార్నిష్ తాగాలి. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువే వాడాలి.

పట్టాల కింద 5 మిల్లీమీటర్ల కార్క్ షీటు పరిస్తే చప్పుడు తగ్గుతుంది. మామూలు థర్మాకోల్ నొక్కితే అణుగుతుంది, పనికిరాదు. పట్టాల అతుకుల్లో సన్నని సందు వదలాలి. ఉక్కు పట్టాలు ఈ గాలికి తుప్పు పడతాయి. నికెల్ సిల్వర్‌వే కొనండి.