ఎలుగు నేస్తము

ఇంగ్లండు దేశపు రచయితయగు ఏ. ఏ. మిల్న్ తన యేకైక కుమారుడు క్రిస్టఫర్ రాబిన్ ఆటబొమ్మలకు ప్రాణము పోసి రెండు కథాగ్రంథములను రచించెను. మొదటిది 1926లోను, రెండవది 1928లోను వెలువడెను. వానిలో 'పూ' అను ఎలుగుబంటి, పందిపిల్ల, గాడిద, కుందేలు మున్నగునవి ఒక అడవిలో నివసించును. వాని కందరికి నేస్తము క్రిస్టఫర్ రాబిన్. వానికి కష్టము వచ్చినపుడెల్ల ఆదుకొనువాడు ఆ బాలుడే.

రెండవ గ్రంథమున ఒక మార్పు కానవచ్చును. ఉదయవేళల బాలుడు కనబడడు. ఒకనాడు కుందేలు అతని యింటికి పోగా, తలుపు కడ రాలిపడిన చీటి యొకటి దొరకెను. తాను బయటికి పోయితిననియు, త్వరలో వత్తుననియు బాలుడు దానిపై వ్రాసెను. అక్షరదోషముల వలన రెండవ మాటను గుడ్లగూబ ఏదో జంతువు పేరని తలచెను! బాలుడు ఉదయమున చదువుకొనుచున్నాడని గాడిద వలన పిమ్మట తెలిసెను. మరుసటి ఉదయపు చీటిలో ఒక్క తప్పును లేదు. ఈ చిన్న విషయమును గమనింపుడు. అక్షరములు దిద్దుకొనుచున్న బాలుడు ఆటలకు కొంచెము కొంచెముగా దూరమగుచున్నాడు.

చివరి అధ్యాయమున అతడు వెడలిపోవు దినము సమీపించెను. ఎచటికో, ఎందులకో జంతువులకు తెలియదు. ఎడబాటు తప్పదని మాత్రము తెలియును. అవి యన్నియు చేవ్రాళ్లు చేసి ఒక వీడ్కోలు పత్రము నిచ్చెను. అతడు దానిని చదువుచుండగా ఒక్కొక్కటియే మెల్లగా తొలగిపోయెను. పూ మాత్రము నిలిచెను. ఇరువురును అడవి పైభాగమున నున్న చెట్ల వలయమునకు పోయిరి. బాలుడు తాను నేర్చిన రాజుల కథలు, దేశముల విశేషములు చెప్పగా, అంతయు బోధపడకున్నను పూ శ్రద్ధతో వినెను. ఏ పనియు లేక తిరుగు భాగ్యము ఇక తనకు లేదని బాలుడు చెప్పి, తన్ను మరువవద్దని కోరెను. పూ మాట యిచ్చెను.

ఇందు ఎవరి దోషమును లేదు. బాలుడు ఎదుగక మానరాదు, పూ ఎదుగజాలదు. అయినను పూ అతనిని పోవలదని అడ్డగింపలేదు. బాలుడును బొమ్మతో స్నేహమునకు సిగ్గుపడలేదు.

బాలబాలికలారా! మీలో కొందరు పైచదువులకై ఊరు విడుతురు. కొందరు ఊరనే యుందురు. పోవువారు మరువకుండుటయు, ఉండువారు అడ్డుపడకుండుటయు స్నేహధర్మము. క్రిస్టఫర్ రాబిన్ 1996లో మరణించెను. అతని బొమ్మ ఎలుగు మాత్రము 1987 నుండి న్యూయార్కు ప్రజా గ్రంథాలయమున నుండి, చూడవచ్చు పిల్లలకు ఆ పాత స్నేహమును గుర్తుచేయుచున్నది.

ప్రశ్నలు
1. రెండవ చీటిలో తప్పులు లేకుండుట దేనిని తెలుపుచున్నది?
2. పూ బాలుని ఏల అడ్డగింపలేదు? మీరైనచో ఏమి చేయుదురు?