బోరు నీళ్లు, బండల దుమ్ము... ఒళ్లంతా పొలుసులు

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 36 ఏళ్లు. ఎర్రగుంట్ల దగ్గర కడప బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తాను. పిక్కలు తెల్లబారి పొలుసులు లేస్తున్నాయి, మడమలు పగిలాయి. రోజూ రెండుపూటలా వేడినీళ్లతో, సబ్బుతో బాగా రుద్దుకుంటున్నా తగ్గడం లేదు. – ఒక సోదరి, కడప జిల్లా

జవాబు: అమ్మా, ఆ రుద్దుడే సమస్యను పెంచుతోంది. చర్మంలోని తేమను పట్టి ఉంచేది పైనుండే సన్నటి జిడ్డు పొర. వేడినీళ్లు, సబ్బు దాన్ని కడిగేస్తాయి. మన సీమ గాలి ఎటూ పొడిగాలే. పైగా సున్నపురాయి నేలలు కాబట్టి బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువ. మీ బకెట్‌కు తెల్లగా పేరుకునేది అదే. దాంతో కలిసిన సబ్బు తెట్టెకట్టి ఒంటికి అంటుకుపోతుంది, దురద పెడుతుంది.

పని దిగగానే ఒంటికి అంటిన రాతి బురద ఆరిపోకముందే కడిగేయండి. గోరువెచ్చని నీళ్లతో పది నిమిషాల్లో స్నానం ముగించండి. సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు చాలు, పీచు వద్దు. అన్నిటికన్నా ముఖ్యం, తుడుచుకున్నాక ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే కొబ్బరినూనె గానీ వ్యాజిలిన్ గానీ రాయండి. పూర్తిగా ఆరాక రాస్తే అంత ఫలితం ఉండదు. రాత్రి మడమలకు వ్యాజిలిన్ పట్టించి నూలు సాక్సులు వేసుకోండి. పనిలో గ్లౌజులు, బూట్లు తప్పనిసరి.

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే దురద క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. వాటి జోలికి పోకండి.

రెండు మూడు వారాల్లో తగ్గకపోయినా, పగుళ్లలో రక్తం, చీము కనిపించినా, ఇంట్లో అందరికీ రాత్రిళ్లు దురద మొదలైనా కడప ప్రభుత్వాసుపత్రి (రిమ్స్) చర్మవ్యాధుల విభాగంలో చూపించుకోండి. షుగర్ ఉంటే మడమ పగుళ్లకు అన్ని రోజులు ఆగొద్దు. స్పర్శ తెలియని మచ్చ ఉంటే వెంటనే వెళ్లండి.