జ్వరం తగ్గినవారికి సేమ్యా కోడి సూపు



మలేరియా జ్వరం తగ్గి రోగిని ఇంటికి తీసుకువెళ్లేటప్పుడు మీరు తప్పక అడిగే ప్రశ్న: "ఏం పెట్టమంటారు?" మన భద్రాచలం ఏజెన్సీలో చాలా ఇళ్లలో పథ్యం పేరుతో రోజుల తరబడి గంజి నీళ్లతోనే సరిపెడతారు. కొందరు కోడిని ఉడికించి, నీళ్లు రోగికి తాగించి, "అరగదు" అంటూ ముక్కలు మిగతావారికి వడ్డిస్తారు. ప్రేమతో చేసినా ఇది పొరపాటే.

బలం ఎక్కడుంది?

సూపు నీళ్లలో ఉప్పు, రుచి, కొద్దిపాటి మాంసకృత్తులు ఉంటాయి. ఎక్కువ భాగం ముక్కలోనే ఉండిపోతాయి. 100 గ్రాముల ఉడికిన కోడి మాంసంలో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. మలేరియా క్రిమి ఎర్ర రక్తకణాలను నాశనం చేస్తుంది. అందుకే రోగి పాలిపోయి, నాలుగడుగులు వేస్తేనే ఆయాసపడతాడు. తిరిగి రక్తం పట్టాలంటే మాంసకృత్తులు, ఇనుము కావాలి. కాబట్టి సూపుతోపాటు మెత్తని ముక్క కూడా రోగికే పెట్టండి.

కావలసినవి

ఎముకతో ఉన్న కోడి మాంసం పావు కిలో, నీళ్లు 6 గ్లాసులు, ఉల్లిపాయ 1, వెల్లుల్లి రెబ్బలు 4, చిన్న అల్లం ముక్క, మిరియాల పొడి పావు చెంచా, చిటికెడు పసుపు, గుప్పెడు మునగాకు, గుప్పెడు సేమ్యా, తగినంత ఉప్పు.

తయారుచేసే విధానం

1. చేతులు సబ్బుతో కడుక్కోండి. పచ్చి మాంసం కడిగిన నీళ్లు వేరే గిన్నెల మీద చిందనీయకండి. రోగం వచ్చి చచ్చిన కోడిని వండకండి.

2. మాంసం, ఉల్లి, అల్లం, వెల్లుల్లి, పసుపు నీళ్లలో వేసి మూతపెట్టి సన్నని మంట మీద ఉడికించండి. బ్రాయిలర్ కోడికి 40 నిమిషాలు, నాటుకోడికి గంటకు పైగా పడుతుంది. నీళ్లు తగ్గితే వేడినీళ్లు కలపండి.

3. ముక్కలు తీసి, ఎముకలు ఏరేసి, మాంసాన్ని వేళ్లతో సన్నగా చీల్చి మళ్లీ సూపులో వేయండి.

4. మునగాకు, సేమ్యా, మిరియాల పొడి, ఉప్పు వేసి 5 నిమిషాలు ఉడికించి దించండి. సేమ్యా దొరకకపోతే బియ్యపు నూక వేసి మెత్తబడేదాకా ఉడికించండి. కారం, నూనె వద్దు.

ఎలా పెట్టాలి?

రోగిని కూర్చోబెట్టి, గోరువెచ్చగా, మొదట అర గ్లాసు ఇవ్వండి. ఇమిడితే రెండు మూడు గంటలకోసారి కొద్దికొద్దిగా పెంచండి. వండిన రెండు గంటల్లోపు వాడేయండి. 6 నెలలు నిండని బిడ్డకు తల్లిపాలు తప్ప ఏదీ వద్దు. బి.పి., గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవారికి, ఆపరేషన్ అయినవారికి డాక్టరును అడిగాకే ఇవ్వండి. విరేచనాలవుతుంటే ఓ.ఆర్.ఎస్. తప్పనిసరి, దానికి బదులు సూపు పనికిరాదు.

సూపు మందు కాదు

2000లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయ పరిశోధకులు కోడి సూపును ప్రయోగశాలలో పరీక్షించారు. కొన్ని తెల్ల రక్తకణాల కదలికను అది తగ్గించిందని, జలుబు బాధ కాస్త తగ్గడానికి అదే కారణం కావచ్చని రాశారు. అది రోగుల మీద చేసిన పరీక్ష కాదు. మలేరియా క్రిమిని చంపేది మాత్రలే. ఒక రకం మలేరియాకు 14 రోజుల మాత్రలు రాస్తారు. జ్వరం పోయిందని మధ్యలో మానేస్తే కాలేయంలో దాగిన క్రిమి మళ్లీ లేస్తుంది.

వెంటనే ఆసుపత్రికి తీసుకురండి

రోగి మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, తాగింది తాగినట్టే కక్కుతున్నా, మూత్రం నల్లగా వచ్చినా, ఆయాసం పెరిగినా నోట్లో సూపు పోయకండి. పొరపోయి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తెల్లవారేదాకా ఆగకుండా బయలుదేరండి. మాత్రల చీటీ వెంట తెచ్చుకోండి.

పొయ్యి దగ్గర నిలబడేవారు ఈ పేజీ చదవలేకపోతే, మీరు చదివి వినిపించండి.