కాలికి కట్టుకునే ముందు

నాగర్‌కర్నూల్



గద్వాలలో ఒక నాయకుని వెంట పీఎస్ఓ (వ్యక్తిగత భద్రత) డ్యూటీ పడిందని తెలిసి సంతోషపడ్డ. చొక్కా కింద పిస్టల్ ఉబ్బెత్తుగా కనబడుతున్నదనీ, ఆ సారుకు నచ్చట్లేదనీ, కాలికి కట్టే హోల్‌స్టర్ కొంటాననీ రాసినవు. ఏది కొనాల్నో తర్వాత చెప్త. ముందు నీ రోజు ఎట్ల గడుస్తదో చూడు.

మన దిక్కు నాయకుని వెంట ఊర్లకు పోతే, గడపలోనే చెంబుతో నీళ్లిచ్చి కాళ్లు కడుక్కోమంటరు. బంతిల కూర్చోబెట్టి అన్నం పెడతరు. మఠమేసుకొని కూర్చున్నవంటే ప్యాంటు అంచు జానెడు పైకి పోతది, విస్తరి పక్కనే పిస్టల్ బయటపడ్తది. అలంపూర్ గుడి కాడా కాళ్లు కడగాల్సిందే. బైకు మీద పోయే రోజైతే ఇంకో తిప్పలు. కుడిచేతి వాటం వాళ్లు ఎడమకాలి లోపలి పక్క కడతరు. బైకు గేరు ఆ కాలికే.

మరి ఎందుకు పనికొస్తదంటే, కారు ముందు సీట్ల కూర్చున్నప్పుడు. సీటు బెల్టు పెట్టుకుంటే నడుము పిస్టల్ చేతికి తొందరగా అందదు, కాలిది అందుతది. మన్ననూరు దాటి శ్రీశైలం రోడ్డు మీద గంటల తరబడి పోయే రోజు కాలికి కట్టుకో. జనంలో నిలబడే రోజు మాత్రం వద్దు. 2005 ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డినీ, ఆయన కొడుకునూ మావోయిస్టులు కాల్చి చంపిన సంగతి నువ్వు విన్నదే. అటువంటి చోట వంగి, ప్యాంటెత్తి, పిస్టల్ తీసే టైము ఎవరికుంటది? సారుకు ఉబ్బెత్తు నచ్చకుంటే చొక్కా ఒక సైజు వదులుగా కుట్టించుకో. ఈ మాట సారుకు నువ్వే మర్యాదగా చెప్పు, వింటడు.

ఇగ కొనే సంగతి. నీకిచ్చింది చిన్న సైజు పిస్టలే అన్నవు, మంచిదైంది. గుండ్లు నింపితే అదే ముప్పావు కిలో దాకా తూగుతది. పెద్ద పిస్టల్ అయితే పరుగెత్తినప్పుడు కాలి ఎముకను కొడ్తనే ఉంటది. పట్టీ వెడల్పుగా, లోపల మెత్త ఉన్నది తీసుకో. పిక్క పైన ఇంకో పట్టీ ఉంటే కిందికి జారదు. అన్నిటికన్నా ముఖ్యం, ట్రిగ్గర్ పూర్తిగా మూసుకుపోవాలె. మెత్తటి గుడ్డ సంచి లాంటివి చవకగా దొరుకుతయి, వాటి జోలికి పోకు. మేగజీన్ తీసి, ఛాంబర్ ఖాళీ అని కండ్లతో చూసి, వేలితో తడిమి, అప్పుడు హోల్‌స్టర్ల పెట్టి తలకిందులు చేసి ఊపు. జారిందంటే దుకాణంలనే వదిలేసి రా.

పట్టీ కింద పొడుగు నూలు సాక్సు తప్పదు. ఏప్రిల్, మే నెలల్ల గద్వాల ఎండకు చర్మం ఒరుసుకపోయి పొక్కులొస్తయి. చెమట ఉప్పు ఇనుముకూ మంచిది కాదు. రాత్రి ఇంటికి రాంగనే పట్టీ ఆరబెట్టు, పిస్టల్ తుడిచి పల్చగ నూనె రాయి. నల్లరేగడి చేన్లల్ల తిరిగిన రోజు దుమ్ము ఎక్కడెక్కడ చేరిందో చూడు. పట్టీ మరీ బిగించి పాదం తిమ్మిరెక్కితే ఒక గీత వదులు చెయ్యి.

ప్యాంటు టైలరు దగ్గర కుట్టించు. కింద బాటం తొమ్మిదిన్నర, పది అంగుళాలుండాలె, పొడుగు ఒక అంగుళం ఎక్కువ. కొలత ఇచ్చేటప్పుడు హోల్‌స్టర్ కట్టుకొనే నిలబడు, పిస్టల్ మాత్రం ఇంట్లనే పెట్టిపో. అలవాటయ్యే దాకా ఇంట్ల ఖాళీ పిస్టల్‌తోనే కట్టుకొని నడువు, మెట్లెక్కు, కారు ఎక్కి దిగు. ఎడమచేత్తో ప్యాంటు ఎత్తుడు, మోకాలు మీద కూర్చునుడు, కుడిచేత్తో తీసుడు, వేలు ట్రిగ్గర్ మీదికి పోకుండ చూసుకునుడు, ఇవన్నీ మెల్లగ సాధన చెయ్యి. ఆ టైముల గుండ్లు ఇంకో గదిల ఉండాలె, పిల్లలు దగ్గర ఉండొద్దు.

మీ ఆర్ఐ (రిజర్వ్ ఇన్‌స్పెక్టర్) గారికి చెప్పకుండ మాత్రం కట్టుకోకు. నడుముకు కట్టాల్నా, కాలికి కట్టాల్నా అన్నది ఆయనకు తెలిసి ఉండాలె. ఆయన సరేనన్నంకనే కొను, కొన్నంక ఫొటో పంపు, పట్టీ ఎట్ల కూర్చున్నదో చూసి చెప్త.

నీ పెద్దనాయిన